కోలుకున్నాక ఉద్యోగమా, ఉద్యోగంలో కోలుకోవడమా

మెదడుకు దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక కుటుంబసభ్యులు మొదట నడక గురించి అడుగుతారు, తరువాత మాట గురించి అడుగుతారు. ఉద్యోగం ప్రస్తావన చాలా ఆలస్యంగా వస్తుంది. వచ్చినా "ముందు పూర్తిగా బాగుపడనివ్వండి, పని సంగతి తరువాత చూద్దాం" అన్న మాటతో అక్కడే ఆగిపోతుంది. పునరావాస రంగంలో పనిచేస్తున్న నేను ఈ మాటను వైద్యుల నోట, యజమానుల నోట, అప్పుడప్పుడు నా సహోద్యోగుల నోట కూడా విన్నాను. అందరూ మంచి మనసుతోనే అంటారు, అందులో సందేహం లేదు. అయితే ముందు చికిత్స, తరువాత శిక్షణ, చివర ఉద్యోగం అనే ఈ వరుస మెదడు గాయం అయినవారిలో చాలామందిని ఆ చివరి దశకు చేరనివ్వడం లేదని నా అభిప్రాయం. పని కూడా చికిత్సలో భాగమేనని ఒప్పుకుని, వీలైనంత త్వరగా, తగిన తోడ్పాటుతో అసలైన పనిచోటులోనే మనిషిని నిలబెట్టాలని ఎందుకంటున్నానో వివరించడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా గాయం స్వభావం చూడాలి. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు మెదడు కపాలంలో ఒక్కసారిగా కదులుతుంది. కపాలం అడుగుభాగపు ఎముక నున్నగా ఉండదు, గట్లు గట్లుగా ఉంటుంది. అందువల్ల దాన్ని ఆనుకుని ఉండే ఫ్రాంటల్ లోబ్ (నుదుటి వెనుక ఉండే మెదడు భాగం) అడుగుభాగమూ, టెంపొరల్ లోబ్ (కణతల దగ్గరి భాగం) కొనలూ ఎక్కువగా నలుగుతాయి. దీనికి తోడు మెదడులో దూరదూర భాగాలను కలిపే సన్నని నరాల తంతువులు సాగి దెబ్బతింటాయి. ఒక పనిని మొదలుపెట్టడం, దానికి వరుస కట్టడం, మధ్యలో అవాంతరం వస్తే దాన్ని చూసుకుని మళ్లీ మొదటి పనికి తిరిగి రావడం, నోటికి వచ్చిన మాటను ఆపుకోవడం, మధ్యాహ్నం చేయవలసిన పనిని మధ్యాహ్నమే గుర్తుకు తెచ్చుకోవడం వంటివన్నీ ఈ భాగాల మీద, వాటి మధ్య సంబంధాల మీద ఆధారపడి ఉన్నాయి. చేతులూ కాళ్లూ బాగా ఆడుతూ, మాట స్పష్టంగా ఉంటూ, పాత విషయాలు పూసగుచ్చినట్టు చెప్పగలిగే మనిషి కొత్తగా అప్పగించిన నాలుగు పనులలో రెండింటిని మరిచిపోతాడు. బయటివారికి లోపం కనిపించదు, కాబట్టి అది నిర్లక్ష్యంగానో సోమరితనంగానో కనిపిస్తుంది.

పక్షవాతం, మెదడువాపు, కణితికి జరిగిన శస్త్రచికిత్స, గుండె ఆగిన సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం వంటి కారణాల వల్ల వచ్చే ఇబ్బందులు ఒక్కో తీరున ఉన్నా, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇలాంటివే.

ఈ లోపాలు పరీక్షగదిలో బయటపడకపోవచ్చు. 1991లో టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రాంటల్ లోబ్ దెబ్బతిన్న ముగ్గురిని పరిశీలించారు. తెలివితేటల పరీక్షలలో ఆ ముగ్గురూ బాగానే రాణించారు. తరువాత వారిని దుకాణాలున్న వీధిలోకి తీసుకువెళ్లి, కొన్ని వస్తువులు కొనడం, కొంత సమాచారం సేకరించడం, చెప్పిన సమయానికి చెప్పిన చోట ఉండడం వంటి చిన్న పనులను కొన్ని నియమాలకు లోబడి చేయమన్నారు. అక్కడ వారు తడబడ్డారు, నియమాలు తప్పారు, కొన్ని పనులను వదిలేశారు. కారణం కష్టమైనదేమీ కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు ఒక్కొక్క ప్రశ్నే అడుగుతాడు, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో తానే చెబుతాడు. అంటే రోగి మెదడు చేయలేని పనిని పరీక్షకుడే చేసిపెడుతున్నాడన్న మాట. కార్యాలయంలో ఆ పరీక్షకుడు ఉండడు. అందుకే మంచి మార్కులున్న నివేదికను చూసి "ఇక ఉద్యోగంలో చేరవచ్చు" అని చెప్పడమూ, తక్కువ మార్కులు చూసి "ఇక పని కుదరదు" అని తేల్చడమూ రెండూ తొందరపాటే.

మెదడు గాయాల చరిత్రలో అందరికంటే ప్రసిద్ధుడైన రోగి ఫినియస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, దాదాపు 110 సెంటీమీటర్ల పొడవు, 6 కిలోల బరువున్న ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింది నుంచి దూసుకుపోయి నడినెత్తి మీదుగా బయటపడింది. అప్పటికి అతని వయసు 25 ఏళ్లు, కూలీల మీద మేస్త్రీగా పనిచేసేవాడు. బతికాడు కానీ స్వభావం మారిపోయింది, మునుపు అతన్ని మెచ్చుకున్న కాంట్రాక్టర్లే మళ్లీ ఆ పని ఇవ్వడానికి నిరాకరించారు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ కథను ఇక్కడితో ఆపేస్తాయి. నాకు అసలు ఆసక్తి కలిగించేది ఆ తరువాతి భాగం. గేజ్ కొంతకాలం గుర్రపుశాలలో పనిచేశాడు, 1852లో చిలీ దేశానికి వెళ్లి అక్కడ చాలా ఏళ్లు గుర్రాలను చూసుకుంటూ ప్రయాణికుల బండి తోలాడు, ఆరోగ్యం చెడిన తరువాతే తిరిగి వచ్చి 1860లో మూర్ఛలతో మరణించాడు. ఆరు గుర్రాలు పూన్చిన బండిని కొత్త దేశంలో, కొత్త భాష మధ్య నడపడం సామాన్యమైన సంగతి కాదు. మాల్కమ్ మాక్మిలన్ అనే పరిశోధకుడు ఈ ఉద్యోగంలోని క్రమబద్ధతే గేజ్‌ను చాలావరకు మళ్లీ మనుషులలో పడేసి ఉంటుందని వాదించాడు. రోజూ అదే వేళకు లేవడం, అదే వరుసలో గుర్రాలను సిద్ధం చేయడం, అదే దారిలో వెళ్లడం, ఎదుటివారితో మర్యాదగా ఉండవలసిన అవసరం రోజూ ఎదురుకావడం వంటివి మెదడు లోపల పోయిన క్రమాన్ని బయటి నుంచి సమకూర్చి ఉండవచ్చు. ఇది వాదనే, పరీక్షించి నిరూపించగలిగినది కాదు. అయినా పునరావాస కేంద్రంగానీ శిక్షకుడుగానీ లేని కాలంలో, మేస్త్రీ పనికి పనికిరాడని తేల్చిన మనిషి మరో తరహా పనిలో ఏళ్ల తరబడి నిలబడ్డాడన్న విషయం మాత్రం నిజం.

శిక్షణ ముందు, ఉద్యోగం తరువాత అనే పద్ధతికి కూడా గౌరవనీయమైన చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టీన్ అనే నాడీవైద్యుడు తలకు గాయాలైన సైనికులకు చికిత్స చేస్తూ, వారిని పనిశాలలో కూర్చోబెట్టి ఏ పని ఎలా చేస్తున్నారో పరిశీలించేవాడు. పని చేస్తున్న మనిషిని చూడకుండా అతని లోపాన్ని అర్థం చేసుకోలేమని అతనికి తెలుసు. అయితే కాలక్రమంలో అనేక దేశాలలో ఇలాంటి పనిశాలలు ఉద్యోగానికి మెట్లుగా మిగలలేదు, చివరి మజిలీలుగా మారిపోయాయి. వైకల్యం ఉన్నవారిని అక్కడ చేర్చి, సాధారణ ఉద్యోగానికి "ఇంకా సిద్ధం కాలేదు" అంటూ ఏళ్ల తరబడి అక్కడే ఉంచేయడం అలవాటైంది. 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే విద్యావేత్త, ఏ పనికీ పనికిరారని పక్కనపెట్టిన తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారికి సైకిల్ బ్రేకులు బిగించడం నేర్పి చూపించాడు. పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ఒక దారిలో నేర్చుకోలేకపోతే నేర్పే దారి మార్చడం అతని పద్ధతి. నేర్చుకోలేకపోవడాన్ని విద్యార్థి లోపంగా చూడకుండా నేర్పేవారి బాధ్యతగా చూసిన ఆ దృష్టి నుంచీ, మరికొందరి కృషి నుంచీ మద్దతుతో కూడిన ఉద్యోగం అనే విధానం రూపుదిద్దుకుంది. ముందు నిజమైన ఉద్యోగం చూపించాలి, తరువాత అక్కడే నేర్పాలి, జాబ్ కోచ్ (పనిచోటులోనే పని నేర్పే శిక్షకుడు) పక్కనే ఉండి మెల్లగా వెనక్కి తగ్గాలి అన్నది ఇందులోని మూలసూత్రం. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనే పరిశోధకులు 1990లలో తీర్చిదిద్దిన ఈ విధానపు రూపం మీద అనేక దేశాలలో యాదృచ్ఛిక పరీక్షలు (ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించి పోల్చే పరీక్షలు) జరిగాయి. పాత తరహా శిక్షణతో పోలిస్తే ఈ పద్ధతిలో సాధారణ ఉద్యోగం పొందినవారు సుమారు రెండింతలు ఉన్నారు. మెదడు గాయం అయినవారి మీద అంత పెద్ద ఎత్తున పరీక్షలు జరగలేదు, కానీ ఆ విధానం వారికి ఇంకా ఎక్కువగా సరిపోతుందని నేను నమ్మడానికి గట్టి కారణాలున్నాయి.

వాటిలో మొదటిది, ఒకచోట నేర్చుకున్నది మరోచోటికి రాకపోవడం. ఆరోగ్యంగా ఉన్న మెదడు ఒక సందర్భంలో నేర్చుకున్న సూత్రాన్ని విడదీసి, మరో సందర్భానికి అన్వయించుకుంటుంది. గాయపడిన మెదడుకు ముందుగా కష్టమయ్యేది ఆ అన్వయమే. శిక్షణ కేంద్రంలో ఉత్తరాలను విభాగాలవారీగా సర్దడం చక్కగా నేర్చుకున్న మనిషి, అసలు కార్యాలయంలో బల్ల ఎడమవైపు కాక కుడివైపు ఉన్నందుకే అయోమయంలో పడవచ్చు. కంప్యూటర్ తెర మీద ఆటలు ఆడించి జ్ఞాపకశక్తి పెంచుతామని చెప్పే కార్యక్రమాల మీద నాకు పెద్ద నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. ఆడేకొద్దీ ఆ ఆటలో మార్కులు పెరుగుతాయి, ఉద్యోగంలో మరిచిపోవడం మాత్రం అలాగే ఉంటుంది.

రెండో కారణం నేర్చుకునే తీరుకు సంబంధించినది. మనలో చాలామంది తప్పులు చేస్తూ నేర్చుకుంటాం, ఎందుకంటే చేసిన తప్పు గుర్తుంటుంది, రెండోసారి దాన్ని తప్పించుకుంటాం. కొత్త సంఘటనలను గుర్తుంచుకునే శక్తి దెబ్బతిన్న మనిషిలో అలవాటుగా నేర్చుకునే శక్తి మాత్రం మిగిలి ఉండవచ్చు. ఆ శక్తి తప్పునూ ఒప్పునూ వేరుచేయలేదు, చేసినదాన్నల్లా బలపరుస్తుంది. మొదటిసారి ఊహించి నొక్కిన తప్పు మీటనే చేయి రెండోసారి కూడా వెతుక్కుంటుంది. 1994లో అలన్ బాడెలీ, బార్బరా విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారికి, ఊహించే అవకాశం ఇవ్వకుండా సరైన జవాబును ముందే చూపించి నేర్పితే ఎక్కువ నిలుస్తుందని నిరూపించారు. దీన్ని పనిచోటులో అమలు చేయడానికి చాలా ఓపిక కావాలి. "ప్రయత్నించి చూడు, రాకపోతే చెబుతాను" అనే మంచి ఉద్దేశంతో కూడిన వాక్యం ఇక్కడ హాని చేస్తుంది. జాబ్ కోచ్ ప్రతి అంచెనూ ముందు తాను చేసి చూపించి, చేయి పట్టుకుని చేయించి, తప్పు జరిగే క్షణానికి ముందే ఆపి, ఆ సాయాన్ని రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి. ఇలా నేర్పినది ఏ యంత్రం దగ్గర, ఏ బల్ల దగ్గర నేర్పితే అక్కడికే అతుక్కుంటుంది, కాబట్టి అసలైన యంత్రం దగ్గర, అసలైన బల్ల దగ్గరే నేర్పాలి. తాత్కాలిక స్థలంలో నేర్పడమంటే, తరువాత చెరపలేని అలవాటును తప్పుడు చోట పాతడమే.

మూడోది అన్నిటికన్నా సున్నితమైనది. మెదడు గాయం తన ఉనికిని తానే దాచుకోగలదు. చాలామందికి తమలో వచ్చిన మార్పు తెలియదు. మొండితనం వల్ల కాదు, ఆ మార్పును గుర్తించవలసిన భాగమే దెబ్బతినడం వల్ల. "నాకేమీ కాలేదు, రేపటి నుంచే పాత ఉద్యోగానికి వెళ్తాను" అనే మనిషితో వాదించి గెలిచినవారు నాకు కనిపించలేదు. వాదన కోపాన్ని పెంచుతుంది, కుటుంబంలో ఎడం పెంచుతుంది. అదే మనిషి అసలైన పనిలో, ఆసరాగా ఎవరో ఒకరు పక్కన ఉండగా, ఉదయం రాసుకున్న అంచనాను సాయంత్రం జరిగినదానితో తానే పోల్చి చూసుకున్నప్పుడు, ఎవరూ చెప్పకుండానే కొంత గ్రహింపు మొదలవుతుంది. అయితే గ్రహింపు వెంట దిగులు కూడా వస్తుంది. ఏం పోయిందో తెలిసిన తొలి నెలలలో కుంగుబాటు రావడం తరచుగా చూస్తాం. ఆ సమయంలోనే "పని వల్ల పరిస్థితి దిగజారింది" అని పని మాన్పించడం జరుగుతుంది. నిజానికి అప్పుడు కావలసినది మానసిక నిపుణుల తోడు, పనిగంటల సర్దుబాటు.

పనిగంటల మాట వచ్చింది కాబట్టి అలసట గురించి చెప్పాలి. కండరాల అలసటకూ దీనికీ పోలిక తక్కువ. ఇంతకుముందు ఆలోచించకుండానే సాగిపోయిన ప్రతి చిన్న పనికీ ఇప్పుడు ధ్యాస పెట్టవలసి వస్తుంది, అందువల్ల గంట రెండు గంటలకే మెదడు మొరాయిస్తుంది. అలసిన తరువాత తప్పులు పెరుగుతాయి, చిరాకు పెరుగుతుంది, కొందరికి మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది; తెలియనివారు తాగి వచ్చాడని అనుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. వారానికి రెండు మూడు రోజులు, రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి, నిలకడ చూసుకుంటూ పెంచుకోవడం మేలు. కష్టమైన పనిని మనిషి తేటగా ఉండే వేళకు మార్చడం, పూర్తిగా అలసిపోకముందే విరామం ఇవ్వడం, రద్దీ లేని మూలలో కుర్చీ వేయడం, మాటతో చెప్పిన ఆదేశాన్ని కాగితం మీద కూడా రాసి ఇవ్వడం, ఒకేసారి ఇద్దరు ముగ్గురు పనులు చెప్పకుండా ఒక్కరే చెప్పడం వంటి ఏర్పాట్లలో అధికభాగానికి ఖర్చు దాదాపు ఉండదు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 2008 మే 3 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, ఇలాంటి సముచితమైన సర్దుబాట్లను నిరాకరించడం వివక్ష అవుతుందని రెండో అధికరణంలోనే చెప్పింది. చక్రాల కుర్చీ కోసం వాలుదారి కట్టడాన్ని సర్దుబాటుగా ఒప్పుకునే యజమాని, రాతపూర్వక ఆదేశాన్ని మాత్రం ప్రత్యేక మర్యాదగా భావించడం నాకు తరచుగా ఎదురయ్యే వింత.

మరుపుకు బయటి సాధనాలే మంచి మందు. తలకు గాయమైన కొడుకు కోసం కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు, ఒక న్యూరోసైకాలజిస్టుతో (మెదడు గాయాల ప్రభావాన్ని చూసే మనస్తత్వ నిపుణుడితో) కలిసి రూపొందించిన పేజర్ (చిన్న సందేశాలు అందుకునే జేబు పరికరం) పద్ధతిని బార్బరా విల్సన్ బృందం ఇంగ్లండులో 143 మంది మీద పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించింది. వేళకు గుర్తుచేసే చిన్న సందేశం వల్ల, పరీక్షను పూర్తిచేసినవారిలో 80 శాతానికి పైగా తమ రోజువారీ పనులలో స్పష్టంగా మెరుగుపడ్డారు. నేడు ప్రతి చేతిలోనూ ఉన్న ఫోను ఆ పని చేయగలదు. ఫోను ఇచ్చి వదిలేస్తే సరిపోదు. మోగినప్పుడు ఏం చేయాలో అలవాటు చేయాలి, సందేశాలను మొదట్లో మరొకరు నమోదు చేయాలి, పని పూర్తయ్యాకే మోతను ఆపాలన్న నియమం పెట్టాలి.

మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవారిని ఎత్తైన చోట్ల, కదిలే యంత్రాల దగ్గర, వాహనం నడిపే పనిలో నియమించే ముందు వైద్యుల అనుమతి తప్పనిసరి. గాయం గురించి తోటి ఉద్యోగులకు చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి నిర్ణయం. చెప్పదలచుకుంటే రోగం పేరు కంటే "శబ్దం ఎక్కువైతే నాకు మాట అందదు, దగ్గరికి వచ్చి చెప్పండి" వంటి ఒక్క వాక్యం ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఈ వాదనను దుర్వినియోగం చేసే దారి కూడా ఉంది. ముందే పనిలో పెట్టాలన్న పేరుతో జీతం లేకుండా నెలల తరబడి చేయించుకునే ప్రయోగ కాలాలు, మిగతా ఉద్యోగులతో కలవనివ్వకుండా వేరే గదిలో కూర్చోబెట్టే ఏర్పాట్లు మద్దతుతో కూడిన ఉద్యోగం కిందికి రావు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ 2022లో పని హక్కు మీద వెలువరించిన వ్యాఖ్యానంలో వేరుగా ఉంచే పనిశాలలను క్రమంగా ఎత్తివేయాలని కోరింది. ప్రయోగ కాలం అవసరమే అయినా దాని గడువు, ముగింపులో తీసుకునే నిర్ణయం ముందే కాగితం మీద ఉండాలి. ఉద్యోగం వస్తే పింఛను పోతుందేమో, ఉద్యోగం నిలవకపోతే రెండూ పోతాయేమోనన్న కుటుంబాల భయం న్యాయమైనదే. దానికి సమాధానం లేకుండా ధైర్యం చెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు.

మెదడు గాయం తరువాత ఒకటి రెండేళ్లలో పనికి తిరిగి వెళ్లగలిగినవారు సుమారు 40 శాతం అని 2009లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. ఆ సంఖ్యను చాలామంది ఎంతమంది చేరారన్న కోణంలోనే చూస్తారు. ఎంతమంది నిలిచారన్నది వేరే ప్రశ్న. నా అనుభవంలో ఉద్యోగం పోయే సమయం తొలి వారాలు కాదు, అప్పుడు అందరి దృష్టీ ఆ మనిషి మీదే ఉంటుంది. అంతా సాఫీగా ఉందని కేసు మూసివేసిన కొంతకాలానికి పై అధికారి మారతారు, సాఫ్ట్‌వేర్ మారుతుంది, కూర్చునే చోటు మారుతుంది. అలవాటుగా కట్టుకున్న క్రమం అంతా ఒక్కసారిగా కదులుతుంది, కొత్త అధికారికి పాత సర్దుబాట్ల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1983లో చేసిన 159వ ఒడంబడిక వృత్తిపరమైన పునరావాస లక్ష్యాన్ని ఉద్యోగం సంపాదించడం దగ్గర ఆపలేదు, దాన్ని నిలుపుకోవడమూ అందులో ఎదగడమూ లక్ష్యాలేనని చెప్పింది. నిధులిచ్చే సంస్థలు మాత్రం చేరికలనే లెక్కిస్తాయి, కాబట్టి జాబ్ కోచ్ నిర్ణీత గడువు దాటాక కొత్త కేసుకు వెళ్లక తప్పదు.

అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడే ఒక పేజీ పత్రం తయారుచేయమని నేను పట్టుబడతాను. ఆ మనిషికి ఏ పని ఏ వరుసలో అలవాటైంది, ఏ సర్దుబాట్లు ఒప్పుకున్నారు, అలసట లక్షణాలు ఎలా ఉంటాయి, చిక్కు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. దాని ఒక ప్రతి ఆ ఉద్యోగి దగ్గర, ఆయన లేదా ఆమె ఒప్పుకుంటే మరో ప్రతి అధికారి దగ్గర ఉండాలి. అధికారి మారినప్పుడు, పని తీరు మారినప్పుడు, పదోన్నతి మాట వచ్చినప్పుడు కోచ్ మళ్లీ కొన్ని రోజులు వచ్చి, మారిన అంచెలను మొదటి నుంచి, తప్పుకు తావివ్వకుండా నేర్పే వెసులుబాటు కూడా ఆ పత్రంలోనే రాసుకోవాలి.